మంచి ఊరంటే ఏమిటో మీ ఊరే రాసుకోవడం ఎలా: చిత్తూరు, తిరుపతి పల్లెలకు కొలతల పద్ధతి

పంచాయతీ ప్రణాళిక రాసే రోజులు దగ్గర పడితే చాలా ఊళ్ళలో జరిగేది ఒకటే. పోయిన ఏడాది జాబితా బయటికి తీస్తారు. సీసీ రోడ్డు, మురుగుకాలువ, వీధి దీపాలు అని తేదీ మార్చి మళ్ళీ రాస్తారు, సంతకాలు పెడతారు. ఆ పనులు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఊరికి ఏది మంచి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగకుండానే గడిచిపోతుంది. ప్రపంచంలో ఒక్కో సమాజం ఆ ప్రశ్నకు ఒక్కో జవాబు చెప్పుకుంది. కొన్ని సమాజాలు ఆ జవాబును కొలిచే పద్ధతులూ తయారు చేసుకున్నాయి. వాటిలో మనకు పనికొచ్చేవి ఏరుకుని, నాలుగు వందల గడపల ఊరు ఆరు వారాల్లో తన సొంత కొలబద్ద ఎట్లా రాసుకోవచ్చో ఇక్కడ చెబుతున్నాం.

పని మొదలు పెట్టే ముందు రెండు మాటలు మనసులో ఉంచుకోవాలి. పద్ధతులు ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు, విలువలు మాత్రం అరువు తెచ్చుకోకూడదు. రెండోది ఇంకా ముఖ్యం: ‘ఊరి మాట’ అని ఒకే మాట ఏ ఊళ్ళోనూ ఉండదు. రచ్చబండ మీద ఒక్క కూటం పెట్టి అడిగితే రచ్చబండ మీద కూర్చునే హక్కున్నవాళ్ళ మాటే ఊరి సంస్కృతి అయిపోతుంది. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ పొరపాటు జరగకుండా చూడటానికే.

ఎవరు దేన్ని మంచి అనుకున్నారు, ఎట్లా కొలిచారు

దేశ ఆదాయాన్ని లెక్కకట్టే పద్ధతిని 1934లో అమెరికా కాంగ్రెసుకు ఇచ్చిన నివేదికలో సైమన్ కుజ్నెట్స్ చూపించారు. ఆ అంకెను బట్టి దేశ ప్రజల బాగోగులు చెప్పలేమని అందులోనే హెచ్చరించారు కూడా. అంకె మిగిలింది, హెచ్చరిక మరుగున పడింది. ఇంట్లో వంట, పిల్లల పెంపకం వంటి కూలి లేని చాకిరీకి ఆ లెక్కలో చోటు లేదు. పాల కేంద్రం మీద నడిచే మన పల్లెల్లో ఆడవాళ్ళ పనిలో చాలా భాగం ఇట్లాంటిదే.

1990లో మహబూబ్ ఉల్ హక్ చొరవతో, అమర్త్య సేన్ ఆలోచనల ఆసరాతో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మానవాభివృద్ధి సూచిక తెచ్చింది. ఆయుష్షు, చదువు, ఆదాయం, ఈ మూడే అందులో ఉంటాయి. దాని నుంచి నేర్చుకోవలసిన కిటుకు 2010లో వచ్చింది. అప్పటిదాకా మూడు అంకెలూ కూడి మూడుతో భాగించేవాళ్ళు. ఆ ఏడాది నుంచి గుణించి ఘనమూలం తీస్తున్నారు. ఎందుకో రెండు అంకెలతో చూద్దాం. ఒకటి 0.9, ఇంకొకటి 0.1 అయితే మామూలు సగటు 0.5. రెండూ గుణించి వర్గమూలం తీస్తే 0.3. అంటే ఒకచోట ఎంత మిగులున్నా ఇంకోచోటి కరువు దాని చాటున దాక్కోలేదు. ఊరి లెక్కకు ఈ బుద్ధి చాలా అవసరం.

భూటాన్ దారి వేరు. 1970లలో నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ స్థూల జాతీయ ఆనందం అన్న మాటను ముందుకు తెచ్చారు. 2008 రాజ్యాంగం 9వ అధికరణలో అది చేరింది. కొలతలో 9 రంగాలు, 33 సూచికలు: మానసిక క్షేమం, ఆరోగ్యం, కాలం గడిపే తీరు, చదువు, సంస్కృతి, పాలన, ఇరుగుపొరుగు బలం, ప్రకృతి, జీవన స్థాయి. మనం తీసుకోవలసింది అందులోని ‘చాలు’ అనే గీత. ప్రతి సూచికకూ ఇంత ఉంటే చాలు అని ఒక హద్దు గీస్తారు, దాని మీద ఎంత ఎక్కువున్నా అదనపు మార్కులు లేవు. సూచికల బరువులో 66 శాతానికి సరిపడా ‘చాలు’ దాటిన మనిషిని సుఖంగా ఉన్నట్టు లెక్కిస్తారు. నిద్ర 8 గంటలు, పని 8 గంటలు అన్నవి కూడా అందులో గీతలే, పని అంటే ఇంటి చాకిరీ కూడా కలిపి. ఇదే దేశం నుంచి నేర్చుకోవలసిన జాగ్రత్త కూడా ఒకటుంది. దేశమంతటికీ ఒకే వేషం, ఒకే మర్యాద అన్న పట్టుదల నడిచిన 1990ల తొలి ఏళ్ళలోనే నేపాలీ మాట్లాడే లక్ష మందికి పైగా జనం భూటాన్ వదిలి నేపాల్ శరణార్థి శిబిరాలకు చేరారు. ‘మన సంస్కృతి’ అని కొలతలో రాసేటప్పుడు ఎవరి సంస్కృతి అని అడగకపోతే ఇట్లాగే అవుతుంది.

దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల కిచువా, ఐమారా జనం మంచి బతుకంటే పక్క మనిషితోనూ నేలతల్లితోనూ పొందిక చెడకుండా బతకడం అనుకుంటారు. ఈక్వడార్ 2008లో, బొలీవియా 2009లో ఆ భావనను రాజ్యాంగంలో రాసుకున్నాయి. ఈక్వడార్ ప్రకృతికి హక్కులు కూడా ఇచ్చింది. రాసుకుంటే సరిపోలేదు. యసుని అడవి కింది చమురును ముట్టుకోబోమని 2007లో చెప్పిన ప్రభుత్వమే 2013లో వెనక్కి తగ్గింది, చివరికి 2023 ఆగస్టు ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 59 శాతం మంది తవ్వకం ఆపమన్నారు. న్యూజిలాండ్ ఇంకో అడుగు వేసింది. మావోరీలు తమ పూర్వీకురాలిగా చూసుకునే వాంగనూయి నదిని 2017 చట్టం ఒక మనిషిలాగా గుర్తించింది, నది తరఫున మాట్లాడటానికి ఇద్దరిని పెట్టింది: ఒకరిని ప్రభుత్వం, ఒకరిని మావోరీ తెగలు ఎంచుకుంటాయి. అదే ఏడాది మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు అట్లాంటి హోదానే ఇచ్చింది, జులైలో సుప్రీంకోర్టు దానిమీద స్టే ఇచ్చింది. తేడా ఎక్కడంటే, నది తరఫున ఎవరు నిలబడాలి, ఏ డబ్బుతో, ఎవరికి జవాబుదారీగా అన్నవన్నీ న్యూజిలాండ్ ఏళ్ళ తరబడి మాట్లాడుకుని తేల్చుకున్నాక చట్టం చేసింది. మీ చెరువు గురించి రాసేటప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

మన దేశంలోనే ఈ వాదం ఎంత లోతుగా జరిగిందో మరిచిపోకూడదు. గాంధీకి గ్రామ స్వరాజ్యమే మంచి సమాజానికి పునాది. అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లెను సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని తీవ్రంగా అన్నారు, వ్యక్తినే ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నారు. ఆ చర్చల్లోనే పంచాయతీల గురించిన 40వ అధికరణ చేరింది. మీ ఊరి కొలబద్ద ఈ ఇద్దరి పరీక్షకూ నిలబడాలి. ఊరు తన కాళ్ళ మీద తాను నిలబడుతోందా అని ఒకరు అడుగుతారు. ఊరవతల ఉంచిన మనిషికి ఆ ఊళ్ళో ఊపిరి ఆడుతోందా అని ఇంకొకరు అడుగుతారు.

మనుషులు, సామాను, కాలం

ఆరుగురు చాలు, అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్ళు. పొదుపు సంఘం లెక్కలు రాసేవాళ్ళు ఒకరు, డిగ్రీ చదివే పిల్లలు ఇద్దరు, దళితవాడ నుంచి ఒకరు, తాండా లేదా ఎస్టీ కాలనీ నుంచి ఒకరు, పెద్ద వయసువాళ్ళు ఒకరు. సర్పంచికీ కార్యదర్శికీ ముందే చెప్పాలి, జట్టులో మాత్రం చేర్చుకోకూడదు. వాళ్ళు పక్కనుంటే జనం అభిప్రాయం చెప్పడం మాని అర్జీలు ఇవ్వడం మొదలుపెడతారు.

సామాను: పోస్టుకార్డు సైజు అట్ట కార్డులు 150, లావు స్కెచ్ పెన్నులు, పేపరు కప్పులు 30, చింతగింజలు ఒక అరకిలో, నిండు బకెట్ కొలత తెలిసిన 15 లీటర్ల ప్లాస్టిక్ బకెట్ ఒకటి, టైమున్న ఫోను. ఖర్చు అక్కడితో సరి.

ఆగస్టు మొదటి వారంలో మొదలుపెడితే సెప్టెంబరు సగానికి తేలుతుంది. అక్టోబరు 2 నుంచి పంచాయతీ ప్రణాళికల ప్రచారం మొదలవుతుంది కాబట్టి అంతకు ముందే కాగితం చేతిలో ఉండాలి. మే చివరి నుంచి జులై దాకా తోతాపురి మామిడి కోత, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరస. అప్పుడు పిలిస్తే ఎవరూ రారు. జాతర వారం కూడా వదిలేయండి. రోజులో వేళ కూడా చూసుకోవాలి. పొద్దున, సాయంత్రం పాలు పోసే వేళ ఆడవాళ్ళు దొరకరు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కుదురుతుంది. బెంగళూరు, చెన్నై, శ్రీసిటీ పనులకు పోయినవాళ్ళు కూడా రాగలిగేలా కూటాల్లో ఒకటి ఆదివారం పెట్టాలి.

వాడకొక కూటం

మొత్తం ఏడు కూటాలు: ఊళ్ళో మగవాళ్ళు, ఊళ్ళో ఆడవాళ్ళు, దళితవాడ మగవాళ్ళు, దళితవాడ ఆడవాళ్ళు, తాండా లేదా ఎస్టీ కాలనీ, పదహారు నుంచి పాతికేళ్ళ పిల్లలు, ఇక చివరిది నడవలేని పెద్దలు, వికలాంగుల కోసం. ఆ చివరిది కూటంలా పెట్టకుండా వాళ్ళ ఇంటికే పోయి కూర్చోవాలి. ఒక్కోదాంట్లో 8 నుంచి 12 మంది, గంటన్నరకు మించకూడదు. ఎవరి కూటం వాళ్ళ వాడలోనే జరగాలి. దళితవాడ కూటాన్ని పంచాయతీ ఆఫీసులో పెట్టడం, తాండా వాళ్ళను ఊళ్ళోకి పిలవడం చాలా మామూలుగా జరిగే తప్పు. ఎవరింటి అరుగు మీద కూర్చుంటే వాళ్ళకే నోరు లేస్తుంది.

సరిహద్దు మండలాల్లో తమిళమో కన్నడమో ఉర్దూనో ఇంటి భాషగా ఉన్న కుటుంబాలుంటాయి. తెలుగు వాళ్ళకూ వచ్చు కదా అని ఊరుకోవద్దు. లెక్కలు, బేరాలు తెలుగులో మాట్లాడినా బాధ చెప్పుకునేది ఇంటి భాషలోనే. ఆ భాష వచ్చినవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి.

ఏం అడగాలి

‘అభివృద్ధి అంటే మీ ఉద్దేశం ఏమిటి’ అని అడగకండి. రోడ్డు, ఇల్లు, పింఛను అని బట్టీ పట్టిన జవాబు వస్తుంది, అది ప్రభుత్వం నేర్పిన జవాబు. దానికి బదులు నాలుగు ప్రశ్నలు చాలు.

మొదటిది: మీ ఇంటి ఆడపిల్లకు సంబంధం వస్తే ఆ ఊళ్ళో ఏమేం చూస్తారు? ఏ ఊరికైతే పిల్లనివ్వరు? ఈ ప్రశ్నకు అందరి దగ్గరా జవాబుంటుంది, ఎందుకంటే అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆలోచించిందే. నీళ్ళకు దూరం నడవాలా, తాగుడు ఎంతుంది, రాత్రి ఆసుపత్రికి బండి దొరుకుతుందా, చెరువు కింద కయ్య ఉందా, పొరుగు మంచిదేనా అంటూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఒక సమాజం దేన్ని మంచి అనుకుంటుందో ఇంత సూటిగా బయటపెట్టే ప్రశ్న ఇంకొకటి దొరకదు.

రెండోది: అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా బాగలేకపోతే ఎవరి తలుపు కొడతారు? మూడోది: మీ చిన్నప్పుడు ఉండి ఇప్పుడు లేనిదేది? పోయినందుకు బాధ కలిగించేది ఏది, పోవడమే మేలైనది ఏది? ఈ రెండో సగం అడగడం మరవొద్దు. అడగకపోతే పాతకాలమంతా బంగారమన్నట్టు జాబితా తయారవుతుంది. చెరువు కట్టను ఊరంతా కలిసి బాగుచేసుకున్న కాలమూ, చెప్పులు చేత పట్టుకుని వీధి దాటాల్సిన కాలమూ చాలా ఊళ్ళలో ఒకటే.

నాలుగోది చివర్లోనే అడగాలి: ఈ ఊళ్ళో మీరు పోలేని చోటు, అడగలేని మాట ఏదైనా ఉందా? ఒకరో ఇద్దరో మాట్లాడతారు, మిగతావాళ్ళు నేల చూస్తారు. తొందరపెట్టకుండా రెండు నిమిషాలు ఆగండి. శ్మశానానికి దారి అన్న మాట సాధారణంగా ఇక్కడే వస్తుంది. వేరే వాళ్ళ పొలం గట్టు మీదుగా శవాన్ని తీసుకుపోవాల్సి రావడం, నాట్లు వేసినప్పుడు ఆ దారీ మూసుకుపోవడం, వానాకాలం పాడె మోసేవాళ్ళు మోకాటి లోతు బురదలో నడవడం. ఊళ్ళో మగవాళ్ళ కూటంలో ఈ మాట ఎంతసేపు కూర్చున్నా రాదు, వాళ్ళకు దారి ఉంది కాబట్టి. ఏడు కూటాలు విడివిడిగా పెట్టే శ్రమంతా ఇందుకే.

వచ్చిన ప్రతి జవాబునూ ఒక కార్డు మీద రాయండి, చదువు రానివాళ్ళకు పక్కన చిన్న బొమ్మ గీయండి. ఆ తర్వాత ఒక్కో కార్డుకూ ‘ఎందుకు’ అని రెండు మూడు సార్లు అడగాలి. బస్సు కావాలి. ఎందుకు? కాలేజీకి. ఆటోలో పోవచ్చు కదా? చీకటి పడితే ఆడపిల్లను ఒంటరిగా పంపలేం, అందుకే పదో తరగతి అయ్యాక చదువు మాన్పిస్తున్నాం. అసలు కొలవాల్సింది ఇప్పుడు దొరికింది: పోయిన ఏడాది పదో తరగతి పాసైన ఆడపిల్లల్లో ఈ ఏడాది ఇంటర్లో ఉన్నదెందరు? బస్సు వేయించి ఆ అంకె కదలకపోతే ఇంకేదో అడ్డుంది.

కొన్నిటికి మాత్రం ‘ఎందుకు’ అడగకూడదు. గంగమ్మ జాతర, భజన, నిండిన చెరువును చూడాలన్న కోరిక ఇంకో దేనికో సాధనాలు కావు. జాతరను ‘పర్యాటక ఆదాయం’ గానో చెరువును ‘భూగర్భ జలాల పెంపు’ గానో మాత్రమే రాస్తే జనం చెప్పింది పోయి మీరు చెప్పింది మిగులుతుంది.

చింతగింజల ఓటు

ఒక్కో కూటంలో ఇరవై దాకా కార్డులు పోగవుతాయి. ఒకే అర్థం ఉన్నవి కలిపితే పన్నెండుకు దిగుతాయి. ప్రతి కార్డు మీదా ఒక పేపరు కప్పు పెట్టి, పైన చీలిక కోసిన కాగితం కప్పండి. ఒక్కొక్కరికీ 20 చింతగింజలు ఇచ్చి, ఎక్కువ ముఖ్యమనుకున్నదానిలో ఎక్కువ వేయమనండి. ఒకే కప్పులో ఆరుకు మించకూడదు. కప్పు మూయకపోతే మొదట వేసిన పెద్దాయన ఎక్కడ వేస్తే అందరూ అక్కడే వేస్తారు, కాబట్టి కాగితం తప్పనిసరి. కార్డు మీద రాసింది చదివి వినిపించే మనిషి కప్పు వైపు వేలు చూపకూడదు.

ఏడు కూటాల అంకెలనూ కూడేయకండి. ప్రతి కూటం నుంచీ మొదటి మూడు స్థానాల్లో ఉన్నవి తీసుకోండి. కలిసేవి కలిపితే పన్నెండు, పద్నాలుగు మిగులుతాయి. ఒక్క కూటంలోనే వచ్చిన కార్డును ‘మెజారిటీ లేదు’ అని తీసేయడం ఈ పని మొత్తాన్నీ పాడుచేస్తుంది. తాండాలో ఇరవై గడపలే ఉంటే వాళ్ళ మాటకు మెజారిటీ ఎన్నటికీ రాదు.

కోరికను కొలతగా మార్చడం

ఇక్కడే ఎక్కువ కాలం పెట్టాలి. మంచి కొలతకు నాలుగు గుణాలుండాలి: ఒక మనిషి ఒక పూటలో చూసి చెప్పగలగాలి, ఏడాదిలో మారే అవకాశం ఉండాలి, ఎవరు కొలిచినా ఒకే జవాబు రావాలి, కొలిచినందుకు ఎవరికీ ముప్పు రాకూడదు.

‘నీళ్ళు బాగా రావాలి’ అన్నది తీసుకుందాం. కుళాయి ఉందా అని అడిగితే దాదాపు అన్ని ఇండ్లకూ ఉందనే వస్తుంది. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు దాదాపు పదిహేను. నీళ్ళు వదిలే వేళకు పోయి బకెట్ పెట్టి టైము చూడండి. నిమిషన్నరలో బకెట్ నిండితే నిమిషానికి 10 లీటర్లు, 220 లీటర్లకు 22 నిమిషాలు పడుతుంది. ఆ వీధికి రోజూ అరగంట వదిలితే ‘చాలు’ గీత దాటినట్టే. రెండు రోజులకొకసారి అరగంట వదిలితే 300 లీటర్లు, రోజుకు 150, దాటనట్టే. లైను మొదటి ఇంట్లోనూ చివరి ఇంట్లోనూ కొలవాలి. దళితవాడ చాలా చోట్ల లైను చివర ఉంటుంది. మొదట్లో మోటార్లు బిగించి లాగేస్తే అక్కడికి సన్నటి ధారే చేరుతుంది. మొదటి ఇంట్లో మాత్రమే కొలిచిన అంకె అబద్ధం చెబుతుంది.

అప్పు గురించి ‘ఎంతుంది’ అని అడగకండి, ఎవరూ చెప్పరు. నూటికి నెలకు రెండు రూపాయలకు మించిన వడ్డీకి తెచ్చిన బాకీ ఏదైనా ఉందా అన్నదానికి అవును, కాదు చెప్తారు. ఆడవాళ్ళ శ్రమకు: నిన్న ఎన్నింటికి లేచారు, ఎన్నింటికి పడుకున్నారు? తెల్లవారుజామున నాలుగింటికి పాలు పిండటంతో మొదలై రాత్రి పదిన్నరకు ముగిసే రోజు చాలా ఇండ్లలో కనబడుతుంది. నిద్ర ఏడు గంటలన్న గీత మీ ఊరు గీసుకుంటే ఆ ఇండ్లు దాన్ని దాటనట్టే. మన పంచాయతీ పట్టికల్లో మామూలుగా కనబడని అంకె ఇది. ఇరుగుపొరుగుకు: చుట్టాలు కానివాళ్ళలో, అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఇండ్లు కనీసం రెండున్నాయా? మరుగుదొడ్డికి: ఉందా అని కాదు, నిన్న వాడారా? కట్టినవి లెక్కపెట్టినచోట కట్టెలు దాచుకునే గదులు కూడా ‘మంచి’లో చేరిపోతాయి.

తాగుడు, ఇంట్లో కొట్టడం వంటివి కూటంలో వస్తాయి, వస్తే రాసుకోవాలి. గడప గడపకూ పోయి మాత్రం అడగకూడదు. లోపల వింటున్న మనిషి తర్వాత ఏం చేస్తాడో మీకు తెలియదు. దానికి ఊరి స్థాయిలో వేరే కొలత పెట్టండి: బెల్టు షాపు నడుస్తోందా లేదా.

ఊరి స్థాయి కొలతలు ఇట్లా నాలుగైదు ఉంటాయి, వీటికి సగటు ఉండదు. శ్మశానానికి ఎవరి పొలమూ తొక్కకుండా పోయే దారి ప్రతి వాడకూ ఉందా? టీ అంగట్లో అందరికీ ఒకే గ్లాసులా? గుడిలోకి అందరూ పోతున్నారా? వీటికి ఉంది, లేదు అన్నవే జవాబులు. ఇందులో ఒక్కటి లేకపోయినా, మిగతా అంకెలెంత బాగున్నా దాన్ని పట్టికలో మొదటి వరసలోనే రాయాలి.

చెరువుకు ప్రత్యేకంగా ఒక కాగితం కేటాయించండి. మన జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వానలే కీలకం, కాబట్టి సెప్టెంబరులో చూడాలి. చెరువులోకి నీళ్ళొచ్చే కాలువ వెంట మొదటి నుంచి చివరిదాకా నడవండి, ఎక్కడ పూడింది, ఎక్కడ ఆక్రమణలో ఉంది రాసుకోండి. తూము తలుపు పూర్తిగా మూసుకుంటోందా? మొరవ (మిగులు నీళ్ళు పొర్లిపోయే చోటు) ముందు కంప మొలిచి నీటిదారి మూసిందా, పక్క పొలంవాళ్ళు ఎత్తు పెంచారా? కట్ట మీద పెద్ద చెట్ల వేర్లు, పందికొక్కుల బొరియలు, దిగువన చెమ్మ ఉన్నాయా? 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు లీకై దిగువ పల్లెలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. శతాబ్దాలు నిలిచిన కట్టయినా ఏడాదికొకసారి చూసే మనిషి కావాలి. వెనక ఆ పని ఊరి నీళ్ళు చూసుకునే నీరుగంటిది. ఇప్పుడు చెరువు తరఫున మాట్లాడే ఇద్దరిని ఊరు ఎంచుకోవచ్చు, వాంగనూయి నుంచి తీసుకోవలసింది అదే. ఒకరు ఆయకట్టు రైతు, ఇంకొకరు చెరువు కింద సెంటు భూమి కూడా లేనివాళ్ళు: గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు, చేపలు పట్టే యానాది కుటుంబం. ఇద్దరూ రైతులే అయితే చెరువు గురించి నీటి వాటా తప్ప ఇంకే మాటా వినపడదు.

ఇంటింటి సర్వే

పన్నెండు ఇంటి కొలతలు పెట్టుకుంటే ఎనిమిదిలో ‘చాలు’ గీత దాటిన ఇంటిని నిలదొక్కుకున్న ఇల్లుగా లెక్కించవచ్చు. పన్నెండుకు ఎనిమిది అంటే 66 శాతం పైనే, భూటాన్ గీతకు దగ్గర.

నాలుగు వందల ఇండ్లూ తిరగనక్కర్లేదు. వాడలు కాక మిగిలిన 300 గడపల ఊళ్ళో ప్రతి పదో ఇల్లు, 30. దళితవాడ 80 ఇండ్లలో ప్రతి ఐదోది, 16. తాండా 20 ఇండ్లలో ఒకటి విడిచి ఒకటి, 10. మొత్తం 56. చిన్న వాడల్లో ఎక్కువ వంతు తీసుకోవాలి, లేకపోతే రెండు ఇండ్లను చూసి తాండా మొత్తం మీద తీర్పు చెప్పినట్టవుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో చీటీ వేసి తేల్చండి. ఇంటిపన్ను రిజిస్టరు ఒక్కటే నమ్ముకోవద్దు, పన్ను పడని గుడిసెలు, ఇటుక బట్టీల దగ్గర కాపురాలు అందులో ఉండవు. ముందు ఒక పూట ఊరంతా నడిచి గడపలు లెక్కపెట్టుకోండి. తాళం వేసిన ఇల్లు తగిలితే పక్కింటికి పోకూడదు. మూడుసార్లు తిరిగి రావాలి, ఎందుకంటే వలస పోయిన ఇల్లే మీకు ఎక్కువ చెప్పగల ఇల్లు.

మీ బతుక్కు పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగే సర్వేలు ప్రపంచమంతటా నడుస్తున్నాయి. మన పల్లెల్లో వాటిని వాడొద్దని గట్టిగా చెబుతాం. కొత్త మనిషి అడిగితే ‘బాగానే ఉండాం’ అనడం మర్యాద. ఉన్నది చెప్పుకుంటే దిష్టి తగులుతుందన్న భయం ఇంకోపక్క, ఆవు ఎన్ని లీటర్లు ఇస్తుందో కూడా తగ్గించి చెప్తారు. పథకాల పేరు వినపడితే కష్టం పెరిగి వస్తుంది. అందుకే నిన్న, పోయిన వారం, పోయిన నెల జరిగినదే అడగాలి. మొదటి మాటగా ‘ఇది ఏ పథకానికీ కాదు, పేరు రాసుకోం’ అని చెప్పాలి, నిజంగానే రాసుకోకూడదు. అడిగేవాళ్ళు ఎవరి వాడలో వాళ్ళు తిరిగితే మాట దాపరికం లేకుండా వస్తుంది. సొంత చుట్టాల ఇల్లు తగిలితే మాత్రం జత మార్చుకోండి.

లెక్క

ఊళ్ళో 30లో 24 ఇండ్లు (80 శాతం), దళితవాడలో 16లో 8 (50 శాతం), తాండాలో 10లో 2 (20 శాతం) నిలదొక్కుకున్నాయనుకోండి. అన్నీ కలిపి 56లో 34, అంటే 61 శాతం అనేస్తే తప్పు, చిన్న వాడల నుంచి ఎక్కువ వంతు తీశాం కాబట్టి. సరైన లెక్క ఇది: 300లో 80 శాతం 240, 80లో 50 శాతం 40, 20లో 20 శాతం 4. మొత్తం 284, నాలుగు వందలకు 71 శాతం.

ఆ 71ని మాత్రం పట్టికలో అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో రాయండి. పైన మూడు అంకెలూ విడివిడిగా ఉండాలి. 71 అని వినగానే పని ముగిసినట్టు అనిపిస్తుంది, 80, 50, 20 అని వింటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఇంకొకటి: 56 ఇండ్ల నుంచి వచ్చిన అంకె అటో ఇటో 12, 13 పాయింట్లు తేడాగా ఉండొచ్చు. వచ్చే ఏడాది 71 కాస్తా 75 అయితే దాన్ని ఘనతగా చెప్పుకోకూడదు. అవే ఇండ్లకు మళ్ళీ పోతే పోలిక కాస్త గట్టిగా నిలుస్తుంది.

గ్రామసభకు తీసుకుపోవడం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. పంచాయతీ తన ప్రణాళిక తానే రాసుకునే దారి 243జి అధికరణ చూపింది. ఇప్పుడు ప్రణాళికను తొమ్మిది అంశాల కింద రాయమంటున్నారు: పేదరికం లేని ఊరు, ఆరోగ్యం, పిల్లలకు అనువైన ఊరు, నీటి సమృద్ధి, శుభ్రత పచ్చదనం, మౌలిక వసతులు, సామాజిక భద్రత, సుపరిపాలన, మహిళలకు అనువైన ఊరు. రాష్ట్రం కూడా 2024 డిసెంబరులో స్వర్ణాంధ్ర 2047 పత్రం విడుదల చేసింది. పైనుంచి వచ్చిన ఈ జాబితాలతో గొడవ పడనక్కర్లేదు. ఎడమ పక్క మీ కొలత, కుడి పక్క అది ఏ అంశం కిందికి వస్తుందో రాసుకుంటే కార్యదర్శికి ప్రభుత్వ పోర్టల్లో ఎక్కించడం సులువవుతుంది. ఏ అంశంలోనూ ఇమడని కొలతలు రెండు మూడు మిగులుతాయి. వాటిని వదిలేయకండి, మీ ఊరికే సొంతమైనవి అవే.

డబ్బు సంగతి: 15వ ఆర్థిక సంఘం కాలంలో (2021–26) పంచాయతీ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేశారు. 40 శాతం స్థానిక అవసరాలకు, అందులోంచి జీతాలు ఇవ్వకూడదన్నారు. కాబట్టి కొలతలను మూడు కుప్పలు చేయండి: నీళ్ళు, పారిశుధ్యం కిందికి వచ్చేవి, స్థానిక అవసరాల నిధిలోంచి చేసేవి, డబ్బే అక్కర్లేనివి. మూడో కుప్ప మీరు అనుకున్నదానికంటే పెద్దదిగా ఉంటుంది. నీళ్ళు వదిలే వేళ మార్చడం, లైను మొదట్లో మోటార్లు తీయించడం, అంగట్లో ఒకే గ్లాసులు, సాయంత్రం ఐదు తర్వాత కాలేజీ పిల్లలకు పాల బండిలోనో ఆటోలోనో తోడు ఏర్పాటు. వీటికి తీర్మానం చాలు.

సభ తేదీ తెలియగానే, పదిహేను రోజుల ముందే, వాడవాడకూ పోయి వాళ్ళ అంకె వాళ్ళకు చూపించి రండి. ఎవరి అంకె వాళ్ళు ముందుగా వినాలి. సభలో మొదటిసారి వింటే ఊళ్ళోవాళ్ళకు నిందలాగా, వాడవాళ్ళకు అవమానంలాగా తగులుతుంది. శ్మశానం దారి వంటి విషయాన్ని సభలో లేపే ముందు ఆ పొలం రైతుతో, తహసీల్దారు ఆఫీసులోని పటంతో పని ముగించుకోవాలి. చాలాసార్లు పటంలో దారి ఉంటుంది, నేల మీద దున్నేసి ఉంటుంది. పటం నకలు చేతిలో ఉంటే మాట గొడవలోకి పోకుండా కొలతలోకి వస్తుంది. సభలో దాన్ని చదవాల్సింది జట్టు నాయకుడు కాదు, ఆ వాడ మనిషే. ఒకరే కాకుండా ఇద్దరు ముగ్గురు నిలబడేలా చూడండి, ఒంటరిగా నిలబడ్డ మనిషి మీద తర్వాత ఒత్తిడి పడుతుంది.

తీర్మానాన్ని అక్కడికక్కడే రిజిస్టరులో రాయించి, నంబరు అడిగి, చదివించుకుని ఆ తర్వాతే సంతకాలు పెట్టాలి. ‘తర్వాత రాసుకుంటాం’ అంటే పాత జాబితాయే రాస్తారు. వాడల వారీ పట్టికను రెండు పెద్ద షీట్ల మీద రాసి ఒకటి పంచాయతీ ఆఫీసు గోడకు, ఇంకొకటి పాల కేంద్రం దగ్గర అంటించండి. ఊళ్ళో అందరూ రోజుకు రెండుసార్లు నిలబడే చోటు అదే. మళ్ళీ కొలిచేది వచ్చే ఏడాది అదే నెలలో, అదే బకెట్‌తో. కొలతల్లో రెండుకు మించి మార్చకండి, ఏ రెండు మార్చాలో చింతగింజలతో మళ్ళీ తేల్చుకోండి.